అచ్చులో ఒదగని అమ్మ

మా అమ్మ సంవత్సరీకానికి ఇద్దరు పిల్లలు రెండు వీడియోలు చేశారు. జగ్గయ్యపేటలో మా అన్నయ్య కూతురు చేసినది టెంప్లేటు వీడియో. నేను అచ్చు అంటాను. పూలూ, పాటా, మెరుపులూ ముందే అమర్చి ఉంటాయి. మన క్లిప్పులు గడుల్లో పెట్టి నొక్కడమే. అరగంటలో అయిపోయిందట. నందిగామలో మా అక్క కూతురు మాత్రం కైన్‌మాస్టర్ ముందేసుకుని నాలుగు రాత్రులు కూర్చుంది.

చెప్పొద్దూ, మొదట నాకు నచ్చింది పేట వీడియోనే! ఒక్క నిమిషం, కళ్ళు చెమర్చాయి. రెండోసారి చూస్తేగాని తెలియలేదు, చెమర్చింది అందులోని వేణువుకని. ఒక్కో గడికి మూడే సెకన్లు. అమ్మ గోంగూర వలుస్తూ తలెత్తి ఏదో అనబోతుంది. ఇంతలో దరువు పడుతుంది, గులాబీ రేకులొచ్చి కప్పేస్తాయి. పాట హోరులో అమ్మ ఏమందో వినపడనే పడదు.

అలాగని చేత్తో చేసినదల్లా గొప్పదనను. నందిగామ వీడియో పదకొండు నిమిషాలు! కత్తెర చేతిలో ఉందిగాని, దేన్నీ వదులుకోలేకపోయింది పిచ్చిపిల్ల. అయితే ఒకచోట పాట ఆపేసింది. ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్న చప్పుడు, హైవే మీద బస్సు హారను, కాసేపటికి అమ్మ కేక: "ఆ ఫోను అవతల పెట్టి అన్నం తినవే!" పాటను అక్కడ ఆపాలని ఏ అచ్చుకి తోస్తుంది?

"అయితే అచ్చు తప్పా అత్తా?" అంది పేట పిల్ల.

తప్పని ఎలా అంటాను? వారం వారం సీరియల్ రాసినదాన్ని, అచ్చు సుఖం నాకూ తెలుసు. పెళ్ళిపిలుపుకైతే అదే మేలు. పేర్లూ, ముహూర్తమూ, వేదికా తెలిస్తే చాలు. అంతెందుకు, జగ్గయ్యపేట స్తూపం మీది మాంధాత శిల్పం, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది, చూశారా? చక్రవర్తి, చుట్టూ ఏనుగూ గుర్రమూ రాణీ చక్రమూ. బౌద్ధశిల్పులకి అలవాటైన అచ్చే. అయినా సన్నగా పొడుగ్గా నిలబడ్డ ఆ రాజు చెయ్యెత్తితే, మబ్బుల్లోంచి చదరపు నాణాలు రాలుతుంటాయి. అచ్చు అందరిదైనా ఉలి ఆ శిల్పిది.

"సరేగాని, ఆ గోంగూర క్లిప్పు అసలుది నాకు పంపవే. అమ్మ ఏమందో వింటాను" అన్నాను.

"ఫోను నిండిపోయిందని తీసేశాను అత్తా" అంది, తల దించుకుని.

ఆ రాత్రే నందిగామకి ఫోను చేశాను. పదకొండు నిమిషాలూ, ఒక్క ముక్క కొయ్యకుండా పంపమన్నాను.