ధర్మవరం అట్టలు, సాఫ్ట్‌వేర్ కట్టుబాట్లు

ధర్మవరం పట్టుమగ్గం నెత్తిన జాకార్డు ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలు ఒకదానికొకటి దారంతో కుట్టి దాని మీదుగా దండలా వేలాడుతుంటాయి. మామూలుగా ఒక్కో అట్ట ఒక్కో పేకకు లెక్క. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం పైకి లేస్తుంది, దానికి కట్టిన పడుగు పోగులు లేస్తాయి. చిల్లు లేకపోతే పోగు కదలదు. ఉందా, లేదా అన్న రెండే మాటలతో అంచు మీద నెమళ్లు, కొంగులో లతలు పుడతాయి. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మేరీ జాకార్డు 1804 ప్రాంతంలో రూపమిచ్చిన యంత్రమిది. ఇందులోని అట్టల ఆలోచననే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకోవాలనుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో కంప్యూటర్లకు ప్రోగ్రాములను చాలాకాలం అట్టల మీదే అందించారు. ఆ లెక్కన అట్టలు కొట్టేవారిని ప్రోగ్రామర్లనడం అతిశయోక్తేం కాదు.

ఈ ప్రోగ్రాము ఒక్కరి చేతిలో పూర్తికాదు. డిజైను గీసేది ఒకరు, దాన్ని గ్రాఫు కాగితం మీద గళ్లలోకి దించేది ఇంకొకరు, అట్టలు కొట్టేది మరొకరు, చివరికి మగ్గం మీద కూర్చునేది నేతగాడు. డిజైను లేపాక్షి నుంచే వచ్చి ఉండొచ్చు. హిందూపురం దగ్గరున్న ఆ గుడిని 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో, పెనుకొండ అధికారి విరుపణ్ణ కట్టించాడంటారు. అక్కడి లతామండపం స్తంభాల మీది అల్లికలను చీరల వాళ్లు ఇప్పటికీ అంచులకూ కొంగులకూ తెచ్చుకుంటారు. ఒకే లతను ఇద్దరు గీస్తే రెండు లతలవుతాయి. అందులో తప్పేమీ లేదు, అది గీసినవాళ్ల చేతి ముద్ర. ఆ గ్రాఫును చదివే తీరు మాత్రం అందరిదీ ఒకటే కావాలి.

రంగు నింపిన గడి అంటే చిల్లు. వరుసలను కింది నుంచి పైకి చదవాలి. అట్టకు ముందు వైపేదో, మొదటి నంబరు ఎక్కడ మొదలవుతుందో ముందే తెలిసి ఉండాలి. గ్రాఫు నింపినవారు కింది నుంచి మొదలుపెడితే, అట్టలు కొట్టేవారు పై నుంచి చదివారనుకోండి, చిలక తలకిందులవుతుంది. అట్టను వెనక్కి తిప్పి కుడితే కుడికి చూడాల్సిన చిలక ఎడమకు చూస్తుంది. పై నుంచి చదవడం తప్పా అంటే కాదు. అందరూ పై నుంచే చదివి ఉంటే చీర లక్షణంగానే వచ్చేది. ఇలాంటి కట్టుబాట్లలో సొంత గొప్పతనం ఏమీ ఉండదు, అందరూ ఒకే పక్కన నిలబడటమే వాటి బలం.

ఇంకో రకం నియమం ఉంది. పెద్ద పువ్వు నింపేటప్పుడు జరీ పోగు మధ్యలో ఎక్కడా పట్టుబడకుండా చాలా దూరం తేలకూడదు. తేలితే గాజుకో ఉంగరానికో తగులుకుని లేచిపోతుంది. అందుకే పువ్వు నిండుగా కనిపిస్తున్నా నడుమ అక్కడక్కడ గడులు వదిలి, పోగును బట్టకు పట్టిస్తారు. ఇది ఎవరి ఇష్టాయిష్టాలకూ సంబంధించింది కాదు. కారణం బట్టలోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ టీముల్లో జరిగే తగువుల్లో సగం ఈ రెండు రకాలను కలగాపులగం చేయడం వల్లే వస్తాయని నా అభిప్రాయం. కోడ్ వరుస మొదట్లో వదిలే ఖాళీకి ట్యాబ్ పెట్టాలా, స్పేస్ పెట్టాలా అన్నది మొదటి రకం. లినక్స్ కెర్నెల్ వాళ్లు ఎనిమిది అక్షరాల వెడల్పు ట్యాబ్ అంటారు. పైథాన్ వాళ్లు 2001లో రాసుకున్న పెప్ 8 నాలుగు స్పేసులంటుంది. రెండూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. 2009లో బయటికొచ్చిన గో భాష ఈ తగువును మొదట్లోనే తెంచేసింది. గోఫ్మ్ట్ అనే పనిముట్టు అందరి కోడ్‌నూ ఒకే తీరుగా సర్దిపెడుతుంది, ఎవరినీ అడగదు. దాని తీరు ఎవరికీ పూర్తిగా నచ్చదు కానీ అది ఉండటం అందరికీ నచ్చుతుందని ఆ భాష తయారుచేసినవాళ్లే చమత్కరిస్తారు. ఇలాంటి విషయం మీద గంట సేపు మీటింగు పెట్టడం దండగ. ఏదో ఒకటి ఒప్పుకుని యంత్రానికి అప్పగించాలి. కోడ్ రివ్యూలో మనిషి కళ్లు కామాల వెంట పడితే అసలు తప్పు పక్కనుంచే జారిపోతుంది.

రెండో రకానికి ఉదాహరణగా యాపిల్ అనుభవం ఉంది. 2014 ఫిబ్రవరిలో ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ ఒక లోపం బయటపడింది. సి భాషలో రాసిన ఒక ‘ఇఫ్’ కింద ‘గోటు ఫెయిల్’ అనే వరుస రెండుసార్లు పడింది. చుట్టూ మీసాల బ్రాకెట్లు లేవు కాబట్టి రెండో వరుస షరతుతో పనిలేకుండా ప్రతిసారీ నడిచింది. అవతలున్నది అసలు సర్వరేనా అని చూసుకోవాల్సిన తనిఖీ చివరిదాకా వెళ్లకుండానే ‘సరే’ అనేసింది. ఒక్క వరుసకు బ్రాకెట్లెందుకు, చూపుకు బాగోదు అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. బ్రిటన్ మోటారు పరిశ్రమ నుంచి 1998లో వచ్చిన మిస్రా సి మాత్రం ఒక్క వరుసైనా బ్రాకెట్లు పెట్టాల్సిందేనంది. కార్లలో బ్రేకుల నుంచి ఎయిర్‌బ్యాగుల దాకా ఇప్పుడు సాఫ్ట్‌వేరే నడుపుతోంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కాబట్టి ఈ సంగతి మన సీమకు మరీ దూరందేం కాదు. బ్రాకెట్ల నియమం చూడటానికి ట్యాబ్-స్పేస్ గొడవలాగే ఉంటుంది, నిజానికి తేలిన పోగు జాతిది. దీన్ని కారణంతో సహా వాదించి, కారణంతో సహా రాసిపెట్టుకోవాలి.

కట్టుబాటు ముఖపరిచయం లేనివాళ్ల మధ్య కూడా పనిచేస్తుంది. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు కొని దారం తీసేవారికీ, ఆ దారం వాడే నేతగాడికీ మధ్య డెనియర్ ఉంది. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పోగు సన్నమా లావా అని నోటిమాటగా చెప్పుకునే అవసరం ఉండదు.

మార్చడానికీ ఒక సమయం ఉంది. ఒక పడుగు మీద వరుసగా కొన్ని చీరలు నేస్తారు. అది అయిపోవచ్చాక కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతారు. అప్పుడు అచ్చులోంచి అన్నిటినీ మళ్లీ దూర్చే పని తప్పుతుంది. పోగుల లెక్క అదే అయితేనే ఈ సౌకర్యం. లెక్క మార్చాలంటే పడుగు మారేచోటే మారుస్తారు, చీర సగంలో ఎవరూ ఆ పనికి పూనుకోరు. సాఫ్ట్‌వేర్ టీములు కొత్త ఉత్సాహంలో సరిగ్గా ఇలా సగంలో మార్చే పనే చేస్తుంటాయి. ఒక లోపం సరిచేస్తూనే ఫైలంతా కొత్త పద్ధతిలోకి సర్దేస్తారు. ఆర్నెల్ల తర్వాత, కోడ్ మార్పులను నమోదుచేసే గిట్‌లో చరిత్ర తీసి చూస్తే, ఏ వరుస లోపం కోసం మారిందో, ఏది సోకు కోసం మారిందో విడదీయలేం. సర్దుడు పని విడిగా, ఒక్క మార్పుగా వెళ్లాలి.

ఇక నియమం ఎవరు పెట్టాలి? గ్రాఫు మీద అందంగా ఉన్న పువ్వు మగ్గం మీద ఎలా సతాయిస్తుందో నేసేవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ మాట గీసేవారి దాకా చేరాలి. అలాగే అర్ధరాత్రి ఫోను మోగితే లేచి కోడ్ సరిచేసేవాళ్లు నియమాలు రాసేచోట ఉండాలి. పెద్ద ఇంజనీరొకరు ఎక్కడి నుంచో నలభై పేజీలు దించి పంపితే దాన్ని చదివేవాళ్లుండరు.

మినహాయింపులకూ చోటుండాలి. మిస్రా పద్ధతిలో నియమం తప్పాల్సి వస్తే ఎక్కడ తప్పారో, ఎందుకు తప్పారో, ప్రమాదం రాకుండా ఏం చేశారో రాసి ఒప్పించుకోవాలి. చాలా టీముల పత్రాల్లో ఈ ఒక్క పేజీ కనిపించదు. అందుకే కోడ్‌లో నియమం తప్పినచోట్లను పట్టే తనిఖీ పనిముట్టు నోరు నొక్కే కామెంట్లు కారణం చెప్పకుండా కోడ్ నిండా పేరుకుంటాయి. అలా నొక్కే ప్రతిచోటా, ఎందుకన్నది ఒక వాక్యంలో రాయనిదే కోడ్ లోపలికి రానివ్వనని పనిముట్టుకే చెప్పిపెట్టొచ్చు.