ఎండను వడకట్టని కెమెరా

1963లో వచ్చిన బ్రెజిల్ సినిమా 'వీదాస్ సెకాస్' మొదలుకాగానే కళ్లు చిట్లించుకోవలసి వస్తుంది. ఆకాశం ఉండాల్సిన చోట తెల్లగా కాలిపోయిన తెర కనబడుతుంది. దాని కింద ఒక పాలేరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క నడిచి వస్తుంటారు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఆకాశం ముదురుగా, మబ్బులు దిద్దినట్టు రావాలంటే లెన్సుకు పసుపో ఎరుపో ఫిల్టరు తగిలించడం మామూలు. ఛాయాగ్రాహకుడు లూయిస్ కార్లోస్ బరేతో దాన్ని పక్కన పడేశాడు. నీడ పడిన ముఖాలకు సరిపడా వెలుగును లోపలికి రానిచ్చాడు. ముఖం కనబడుతుంది, వెనకున్న లోకం మాడిపోతుంది. బ్రెజిల్ ఈశాన్యంలోని ఆ కరువు నేలను, సెర్తావ్‌ను, అంతకుముందు ఎవరూ ఇలా చూపలేదు. నన్నడిగితే ఆ తరవాతా చూపలేదు.

దర్శకుడు నెల్సన్ పెరేరా దోస్ సాంతోస్. గ్రాసిలియానో రామోస్ 1938లో రాసిన నవలను సినిమాగా తీద్దామని ఆయన మొదటిసారి వెళ్తే అక్కడ వాన కురిసింది. కరువు సినిమాకి పోతే నేలంతా పచ్చబడింది! ఇంకొకరైతే మూటాముల్లే సర్దుకుని తిరిగొచ్చేవారు. ఆయన వెంట ఉన్న బృందంతోనే, తానే హీరో వేషం కట్టి, 'మందకారు వెర్మేల్యు' అనే వేరే సినిమా తీసేశాడు. నేల ఎండాక మళ్లీ వెళ్లాడు. ఇక ఆ సంగీతం! మొదట్లోనూ చివర్లోనూ వినబడేది కందెన లేని ఎడ్లబండి చక్రం కీచు. చెవిని కోసే ఆ శబ్దం మనకు జాలిపడే తీరిక కూడా ఇవ్వదు. బలేయా అనే ఆ కుక్క చచ్చిపోయే ఘట్టంలో కెమెరా దాని ఎత్తుకు దిగి, దాని చూపుతోనే చూస్తుంది. 1964 కాన్ చిత్రోత్సవంలో కుక్కను నిజంగానే చంపారని గొడవ లేస్తే, దాన్ని విమానంలో రప్పించి బతికే ఉందని చూపించారంటారు.

ఇలాంటి పనితనాన్ని పట్టుకోవడం నేర్పాల్సిన చోటు విశ్వవిద్యాలయం. స్పానిష్, పోర్చుగీసు సినిమాల్లో గొప్ప సంగతేమిటంటే, తీసినవాళ్లలో చాలామంది పాఠాలు కూడా చెప్పారు. 1965లో బ్రెజీలియా విశ్వవిద్యాలయంలో విమర్శకుడు పావులో ఎమీలియో సాలెస్ గోమెస్ సినిమా కోర్సు మొదలుపెడితే నెల్సన్ అక్కడ అధ్యాపకుడయ్యాడు. ఆ ఏడాదే సైనిక పాలకులు విశ్వవిద్యాలయం మీద పడ్డారు. 200 మందికి పైగా అధ్యాపకులు రాజీనామా చేసి బయటికి నడిచారు. నెల్సన్ ఊరుకోలేదు. 1968లో నితెరోయ్‌లోని ఫ్లుమినెన్సె ఫెడరల్ విశ్వవిద్యాలయంలో మళ్లీ కోర్సు పెట్టాడు.

ఈ చదువుకు అసలు పునాది వేసినవాడు మాత్రం అర్జెంటీనా దేశస్థుడు ఫెర్నాందో బిర్రి. రోమ్‌లో సినిమా చదువుకొచ్చి, 1956లో సాంతా ఫే నగరంలోని లిటోరల్ జాతీయ విశ్వవిద్యాలయంలో సినిమా సంస్థ పెట్టాడు. ఆయన విద్యార్థులకు ముందు సినిమా కెమెరా ఇవ్వలేదు. ఊళ్లోకి పొండి, ఫొటోలు తియ్యండి, జనం ఏమంటున్నారో రాసుకురండి అన్నాడు. ఆ ఫొటోలనూ మాటలనూ పక్కపక్కన పేర్చి ఫొటో డాక్యుమెంటరీలు చేయించాడు. అందులోంచి పుట్టిందే 'తిరె దియె'. నిడివి 33 నిమిషాలు. విమానంలోంచి కనిపించే నగరంతో మొదలవుతుంది. ఒక గంభీరమైన గొంతు నగరం గురించి అంకెలు చదువుతూ పోతుంది. వినగా వినగా ఆ అంకెలే వెక్కిరింతలా తోస్తాయి. అప్పుడు కెమెరా ఏ లెక్కలకూ అందని మురికివాడకు దిగుతుంది. సలాదో నది వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు పిల్లలు దాని పక్కన ప్రాణాలకు తెగించి పరిగెత్తుతూ, చిల్లర వెయ్యమని కిటికీల వైపు చేతులు చాస్తారు. రికార్డు చేసిన శబ్దం సరిగా రాకపోతే వాడవాసుల మాటలను నటుల చేత మళ్లీ చెప్పించారు. దాన్ని లోపమనే పండితులు ఉన్నారు. ఉన్న సరంజామాతో పని గట్టెక్కించడం ఎలాగో అంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకం చెబుతుంది?

1986 డిసెంబరులో క్యూబాలోని సాన్ అంతోనియో దె లోస్ బాన్యోస్‌లో గార్సియా మార్కెస్, హూలియో గార్సియా ఎస్పినోసాలతో కలిసి లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా యువత కోసం మరో బడి తెరిచింది కూడా బిర్రీనే. నోబెల్ అందుకున్న మార్కెస్ అక్కడ కుర్చీ వేసుకుని కుర్రాళ్లతో కథలు అల్లించేవాడు. ఆ బడి చరిత్ర వేరే వ్యాసమంత ఉంది, వదిలేస్తాను.

స్పెయిన్‌లో ఈ పనితనానికి పరీక్ష పెట్టింది నియంత ఫ్రాంకో సెన్సారు. 1961లో బున్యుయెల్ తీసిన 'విరిదియానా' ముగింపులో నాయిక బంధువు గదిలోకి వెళ్లడం, తలుపు మూసుకోవడం ఉండేది. అధికారులు కుదరదన్నారు. సరేనని ఆయన ముగ్గురిని పేకాటకు కూర్చోబెట్టాడు: నాయిక, ఆ బంధువు, అతని పడకను పంచుకునే పనిమనిషి. వద్దన్న దానికంటే మూడింతలు చెడ్డ అర్థం వచ్చింది, కాగితం మీద మాత్రం నిష్కళంకం! సినిమా కాన్‌లో అగ్ర బహుమతి కొట్టింది, స్వదేశంలో 1977 దాకా నిషేధంలో ఉంది.

బెర్లాంగా 1963లో తీసిన 'ఎల్ వెర్దుగో' ముందు మాత్రం నేను సాష్టాంగపడతాను. తెల్లటి పెద్ద హాలు. దాని గుండా ఒక గుంపు మరణశిక్ష పడిన ఖైదీని నడిపిస్తుంది, వెనకాల ఇంకో గుంపు తలారిని ఈడ్చుకుపోతుంది. ఖైదీ కాస్త నిబ్బరంగానే ఉన్నాడు, తలారి కాళ్లే తేలిపోతున్నాయి. కెమెరా దూరంగా, ఎత్తున, కదలకుండా చూస్తుంది. ఒక్క క్లోజప్ వేసి ఉంటే అది ఏడుపుగొట్టు సినిమా అయ్యేది.

విద్యార్థులంతా బ్రెజిల్ దర్శకుడు గ్లౌబెర్ రోషా మీదే ఎందుకు ఎగబడతారో నాకు తెలుసు. 1964 కాన్ పోటీలో నెల్సన్ సినిమాతోపాటు ఆయన సినిమా కూడా ఉంది. మరుసటి ఏడాది ఆకలి సౌందర్యం గురించి ఆయన ఒక ప్రకటన రాశాడు. ప్రకటన ఉంటే పరిశోధన వ్యాసం రాయడం తేలిక, సినిమా చూడకపోయినా నడిచిపోతుంది. గ్లౌబెర్ మహానుభావుడే, ఆయన సినిమాల్లో తుఫాను ఉంది. కానీ ఎడ్లబండి కీచుకు చెవి ఒగ్గినవాడే నా లెక్కలో పెద్దవాడు. గ్లౌబెర్ భక్తులకు కోపం వస్తే రానివ్వండి.

కోపం రావాల్సింది వేరేవాళ్ల మీద. 2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ట్రాఫిక్' మెక్సికో దృశ్యాలకు పొగాకు రంగు పులిమింది. అది మొదలు, సరిహద్దు దాటితే చాలు ఆకాశం పచ్చకామెర్లు వచ్చినట్టు తయారవుతోంది. బరేతో ఏ ఫిల్టరును తీసి పారేశాడో దాన్ని ఒక జాతి మొత్తానికి తగిలించారు. 2002 నాటి 'సిటీ ఆఫ్ గాడ్' లాంటి సినిమాలను బ్రెజిల్ విమర్శకురాలు ఇవానా బెంతెస్ ఆకలికి మేకప్ వెయ్యడమేనంది. ఆ సినిమా కూర్పులో నైపుణ్యం ఉందని ఒప్పుకుంటాను. దాన్ని చూసి తుపాకి పట్టుకున్న పిల్లాణ్ని మెరుపు వేగపు కూర్పుతో చూపించడమే మురికివాడల సినిమా అనుకున్న అనుకరణలను మాత్రం ఒప్పుకోలేను.

తరగతి గదులూ తక్కువ తినలేదు. చాలాచోట్ల స్పానిష్ తరగతిలో సినిమా అంటే ఐదు నిమిషాల క్లిప్పు, దాని కింద పది ప్రశ్నలు. ఆమె బజారులో ఏమి కొన్నది? భూతకాలపు క్రియలు గుర్తించండి. బెర్లాంగా సినిమాను మార్కెట్ బేరాల పాఠంగా మార్చేవాళ్లను ఏమనాలి? పైగా అసలు ప్రింట్లే మిగలడం లేదు. సావో పావులోలోని సినిమాతేకా బ్రజిలేరా గోదాము 2021 జులై 29న తగలబడింది. ముప్పు ఉందని అక్కడి సిబ్బంది ముందే మొత్తుకున్నారు. అంతకుముందు 2016లోనూ మంటలు వచ్చి నైట్రేట్ రీళ్లు బూడిదయ్యాయి. ఎవరికీ పట్టలేదు.

మనకెందుకు అంటారా? హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో (ఇఫ్లూ) స్పానిష్ బోధన ఉంది, సినిమా అధ్యయన విభాగమూ ఉంది. ఒకే ఆవరణలో రెండూ ఉండటం దేశంలో ఎన్నిచోట్ల జరుగుతుంది? 2022లో గోవా చిత్రోత్సవం స్పెయిన్ దర్శకుడు కార్లోస్ సౌరాకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది. 2019లో తిరువనంతపురం ఉత్సవం అర్జెంటీనా దర్శకుడు ఫెర్నాందో సోలానాస్‌ను అలాగే గౌరవించింది. దండలు వేసి సాగనంపితే సరిపోదు. సోలానాస్, ఒక్తావియో హెతీనో కలిసి 1968లో తీసిన 'లా ఓరా దె లోస్ ఓర్నోస్' నాలుగు గంటల పైన నడుస్తుంది. రహస్య ప్రదర్శనల కోసం తీసిన సినిమా అది. ప్రొజెక్టరు ఆపి ప్రేక్షకులు వాదించుకోవడానికి దర్శకులే మధ్యలో చోటు వదిలారు. తరగతికి ఇంతకంటే అనువైన సినిమా ఎక్కడుంది? రెండు విభాగాలూ కలిసి సెమిస్టరుకు ఒక్క శనివారం కేటాయించండి. క్లిప్పులుగా కత్తిరించకుండా ఆ సినిమాను మొత్తం వెయ్యండి, ఆపమన్న చోటల్లా ఆపండి. హాలు కోసం అర్జీ పెట్టాలంటే సంతకం చెయ్యడానికి నేనూ వస్తాను.