గునపం మోతలో మంచు మందం

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి ఉత్తరపు కొసన లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే పెద్ద సరస్సు ఉంది. కెనడా రాష్ట్రాలైన ఒంటారియో, మానిటోబాలకూ అందులో వాటా ఉంది. దీవులే 14 వేలకు పైన. దక్షిణపు ఒడ్డుకు దగ్గర్లోని బాడెట్ ఊరివాళ్లు తమ ఊరిని ప్రపంచానికే వాలై చేపల రాజధాని అంటారు. 1959లో 40 అడుగుల వాలై బొమ్మను కట్టి నిలబెట్టుకున్నారు కూడా. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక మంచుకు రంధ్రం చేసి గాలం వేయడానికి ఇక్కడికి జనం తరలివస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు అందరూ చేపల కబుర్లే చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా చెప్పుకోదగ్గది వాళ్లను తీసుకెళ్లే గైడ్ పనితనం.

అతని పని అతిథులు రాకముందే, సరస్సు గడ్డకట్టిన తొలి రోజుల్లోనే మొదలవుతుంది. నడిచి వెళ్లాలంటే గట్టి, పారదర్శకమైన మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి. స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు కావాలి. రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పే లెక్క ఇది. పైన పడిన మంచు తడిసి గడ్డకడితే వచ్చే తెల్ల మంచుకు బలం సగమే కనుక మందం రెట్టింపు ఉండాలి. ఈ లెక్కలు ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ సరస్సంతా ఒకే మందాన గడ్డకట్టదు. రెయినీ నది వచ్చి కలిసే చోట ప్రవాహం మంచును అడుగునుంచి పలచబరుస్తూనే ఉంటుంది. అందుకే గైడ్ ముందు నడుస్తూ అడుగడుగునా ఇనుప గునపం దించి చూస్తాడు. గట్టి మంచు ఖంగుమంటుంది, బలహీనమైన మంచు మొద్దుగా మోగుతుంది. వడ్లగింజను పంటికింద కొరికి ఆరిందో లేదో చెప్పే రైతులాగా, అతడు ఆ మోత విని ముందుకు పోవాలో వెనక్కి తిరగాలో తేల్చుకుంటాడు. తర్వాత రంధ్రం చేసి కొలిచి సరిచూసుకుంటాడు.

బాట వేయడం ఇంకో విద్య. చలి పెరిగినా తగ్గినా మంచుపలక కుంచించుకుపోతూ, వ్యాకోచిస్తూ ఉంటుంది. ఒకచోట పగులు విచ్చుకుంటే, మరోచోట పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గుట్టలవుతాయి. నిన్నటి దారి ఇవాళ ఉండకపోవచ్చు. రిసార్టు మనుషులు రోజూ బాటను పరీక్షించి, పగుళ్ల మీద వంతెనలు దించి, మంచుతుఫానులోనూ దారి తప్పకుండా గుర్తులు నాటుతారు. బండి వేగంగా పోతే మంచు కింద నీటిలో అల లేస్తుంది, అది మంచును విరిచేయగలదు. అందుకే అనుభవమున్న చోదకుడు నెమ్మదిగా నడుపుతాడు. మనుషుల్ని చేరవేయడానికి ముందు స్కీలు, వెనక గొలుసు బెల్టులు ఉండే బాంబార్డియర్ బండ్లు నేటికీ ఇక్కడ తిరుగుతున్నాయి. క్యూబెక్‌కు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియర్ ఆ బెల్టు ఏర్పాటుకు 1937లో పేటెంటు పొందాడు. దశాబ్దాల నాటి బండ్లను విప్పి, బిగించి, నడుపుకుంటూ వస్తున్నవాళ్ల నేర్పును కూడా మెచ్చుకోవాలి.

సరస్సు మధ్యలో చిన్న చెక్క గది ఎదురుచూస్తుంటుంది. మంచుకు అతుక్కుపోకుండా దాన్ని దిమ్మల మీద నిలబెడతారు. లోపల ప్రొపేన్ హీటరు ఉంటుంది, విషవాయువు నిలవకుండా గాలి ఆడే ఏర్పాటూ ఉంటుంది. నేలలోని రంధ్రాల కింద మంచును ఆగర్ అనే బరమాతో గుండ్రంగా తొలిచి, తేలిన మంచుపొడిని చిల్లుల గరిటెతో తోడేస్తాడు గైడ్. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లనిది పైకి చేరి గడ్డకడుతుంది. ఆ కప్పు కిందే చేపలు బతుకుతాయి.

కనిపించని ఆ చేపను చూపేది ఫ్లాషర్ అనే సోనార్. గుండ్రటి ముఖం మీద అడుగు నేల మందపాటి ఎర్రగీతగా, ఎర సన్నగీతగా కనిపిస్తాయి. వాటి మధ్య కొత్త గీత పుట్టిందంటే చేప వచ్చినట్టే. అప్పుడు ఎరను ఆడించడం ఆపి, నెమ్మదిగా పైకి లేపమంటాడు గైడ్. చేప వెంటపడితే ఇంకాస్త లేపాలి, ఆగిపోతే ఎరను కూడా ఆపాలి. మసక వెలుతురులో బాగా చూడగల కళ్లు వాలైవి కనుక తెల్లవారుజాము, సాయంసంధ్య వేళల్ని అతడు వృథా పోనివ్వడు. ఇక్కడ శీతాకాలంలో ఒక్కొక్కరికి రెండు గాలాలకు అనుమతి ఉంది. ఒకదాన్ని చేత్తో ఆడిస్తే, రెండోదాన్ని చిన్నచేప ఎరతో నేలకు కాస్త పైన కదలకుండా వదులుతారు.

పట్టుకోవడంలోనే కాదు, వదలడంలోనూ నేర్పు ఉంది. 19.5 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న వాలైలను తిరిగి నీటిలోకి వదలాలన్నది ఈ సరస్సు నియమం. గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపల్ని అది కాపాడుతుంది. గడ్డకట్టే గాలిలో చేప మొప్పలు, కళ్లు త్వరగా దెబ్బతింటాయి. మంచి గైడ్ ముల్లు తీసి చేపను క్షణాల్లో నీటికి అప్పగిస్తాడు, ఫొటో కోసం ఆగడు. చలికాలం చివర గదుల్ని లాగించేసి, చెత్త, దిమ్మలు ఏవీ మంచు మీద మిగలకుండా ఊడ్చేస్తాడు. మంచు కరిగితే అవి నీటిలోకే పోతాయని అతనికి తెలుసు.

మిన్నెసోటాలోనే మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ సరస్సు ఒక్కపూట కారు ప్రయాణం. పిల్లల్ని ఓసారి తీసుకెళ్లండి. ఎన్ని చేపలు పడ్డాయన్నది తర్వాత సంగతి, ముందు ఆ మనిషి పనిచేసే తీరు వాళ్లకు చూపించండి. మంచు ఎంత గట్టిగా కనిపించినా, గైడ్ లేకుండా మాత్రం దాని మీద తొలి అడుగు వేయకండి.