గట్టు మీద కాలినడక

కాలినడకా, నిన్ను పొగడడానికి పెద్ద మాటలు వెతకను. ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి, బొబ్బర్లంక నుంచి లొల్ల దిక్కుగా కాలువ గట్టు పట్టుకుంటే, నిన్ను పొగిడేవాళ్లు దారి పొడవునా ఉన్నారు. వాళ్ల గొంతులు వినబడేంత నెమ్మదిగా నడవడమే నా వంతు.

మంచు పట్టిన వేళ నువ్వు ముందుగా చెవులనే నిద్రలేపుతావు. కళ్లకు పదడుగుల దారే కనిపిస్తుంది. చెవులకు మాత్రం ఊళ్లకు ఊళ్లే అందుతాయి. ఏ గుళ్లోదో తిరుప్పావై, ఏ పాకలోదో తల్లికోసం అరిచే దూడ, అవతలి గట్టున ఎవరో ముసలాయన దగ్గు. పగలంతా ఇవి ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. రాత్రంతా చల్లబడ్డ నేలను ఆనుకుని చల్లగాలి పరుచుకుంటుంది, దానిపైన కాస్త వెచ్చటి గాలి ఉంటుంది. పైకి పోబోయిన చప్పుడు ఆ వెచ్చటి గాలిలో మళ్లీ నేలవైపే వంగుతుంది. అందుకే దూరపు ఊరు దగ్గరికొస్తుంది. ఎండెక్కి నేల కాగిందంటే ఆ చప్పుళ్లన్నీ ఆకాశం దారి పడతాయి. మంచులో నడిచినవాడికి దక్కే ఈ భాగ్యం పొద్దెక్కి లేచినవాడికి దక్కదు.

అరటితోట పక్కకి వచ్చేసరికి వాన పడుతున్న చప్పుడు. తల పైకెత్తితే చినుకు లేదు. రాత్రి కురిసిన మంచు పై ఆకు మీద చేరి, ఈనె వెంట జారి, కింది ఆకు మీద టప్పున పడుతోంది. అక్కడి నుంచి ఇంకో ఆకు మీదికి, ఆపైన మట్టి మీదికి. కొబ్బరితోటలో ఈ చప్పుడు వినపడదు. అక్కడి ఆకు సన్నం, గాలికి గరగరలాడుతుంది. కళ్లు మూసుకున్నా ఎడమచేతి వైపు ఏ తోట ఉందో చెప్పగల చెవిని ఇచ్చింది నువ్వే.

ఈ గట్టు నీకు పాత చుట్టం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, ఊళ్లకు దారులూ అయ్యాయి. గాలి కలిసొస్తే తెరచాప, లేదంటే తాడు. పడవకు కట్టిన ఆ తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి, ఇలాంటి గట్ల మీదే మనుషులు నడిచారు. ధాన్యమైనా, కొబ్బరికాయలైనా, మనుషులైనా వాళ్ల అడుగు పడితేనే ముందుకు కదిలేవి. రైళ్లూ లారీలూ వచ్చాక ఆ పని పోయింది. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఇక్కడ అడుగు వేసినప్పుడల్లా మనసులో వాళ్లకి దండం పెట్టుకుంటాను.

మంచు విడుతుంటే కళ్ల వంతు వస్తుంది. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, చూపంతా నీళ్ల మీదే. మచ్చల లకుముకి మరో రకం: కాలువకి నడిమధ్య, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా నీళ్లలో పడుతుంది. ఇక గిజిగాళ్ల గూళ్లు! నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మకి వానాకాలంలో అల్లినవి, ఇప్పుడు ఖాళీగా వేలాడుతున్నాయి. మగపిట్ట సగం గూడు అల్లి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి పరీక్షగా చూసి మెచ్చితేనే, మగపిట్ట కిందికి పొడుగాటి గొట్టం దించి గూడు ముగిస్తుంది. కాబట్టి గొట్టమున్నవి చాలావరకు కాపురం జరిగిన గూళ్లు. సగంలో ఆగినవాటిలో చాలా మట్టుకు ఆడపిట్ట మెచ్చనివి. ఆ సగం గూళ్ల కింద నేను ఎక్కువసేపు ఆగుతాను. వాటిలోని అల్లిక కూడా అంతే నేర్పుగా ఉంటుంది, అంతే ఓపిగ్గా ఉంటుంది.

సార్వా కోతలైపోయి చేలల్లో మోళ్లు మిగిలాయి. దాళ్వాకి పోసిన ఆకుమళ్లు అప్పుడే పచ్చబడుతున్నాయి. ఒక చేలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది, దాని చక్రాలను అంటిపెట్టుకుని తెల్లకొంగలు తిరుగుతున్నాయి. మట్టి తిరగబడి పైకి తేలిన పురుగు వాటి పొద్దుటి తిండి. యంత్రం రొదని నేను చెవులు మూసుకోను. ఈ చేల పాటలో అదీ ఇప్పుడొక గొంతే.

ఆత్రేయపురం పక్కన ఎండు కొబ్బరాకుల పొగ. లోపల ఏ ఇల్లాలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీదుగా లాగుతోంది. చుయ్‌మంటుంది, అంతే. పూతరేకు పుట్టే చప్పుడు అది. బండి మీద వెళ్లేవాడికి అది వినపడదు. వీధి మలుపులో హరిదాసు. తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు. పాత్ర దించడు, హరినామం తప్ప మాట లేదు. ఆయన వంగితే పిల్లలు దోసిళ్లతో బియ్యం పోస్తారు. నీ భక్తుల్లో ఆయనకి మొదటి పీట వెయ్యాలి.

ఆ దగ్గర్లోనే ర్యాలి ఉంది. గుళ్లో ఒకటే రాయి, ముందు వైపు విష్ణుమూర్తి, వెనక వైపు జగన్మోహిని. ఎదురుగా నిలబడి దండం పెట్టి వెళ్లిపోయినవాడు సగం దేవుణ్ణే చూశాడు. చుట్టూ నడిస్తేనే జడ ముడి, ఆ విగ్రహం పూర్తి సొగసు కంటపడతాయి. చూడాలంటే నడవాలని ఆ శిల్పికి నిశ్చయంగా తెలుసు.

లొల్ల లాకులు కనబడకముందే వినపడతాయి. అంతదాకా నోరు మెదపని కాలువ అక్కడ ఒక్కసారిగా హోరెత్తి, పాయలుగా విడిపోయి కోనసీమ లోపలికి వెళ్లిపోతుంది. వంతెన మీద నిలబడితే అరికాళ్లలోకి ఆ అదురు ఎక్కుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఇదే చోట నీటి జాడ ఉండదు. అప్పుడు కోయిల ఒక్కటే దిక్కు.

ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. మీ ఊళ్లో ఈ కాలువ ఉండకపోవచ్చు. వీధి చివర ఒక వేపచెట్టు, దాని కింద ఇడ్లీ బండి అయితే ఉంటాయి. చెవుల్లో పెట్టుకునే పాటల్ని ఇంట్లో వదిలేసి, చిన్నపిల్లనో నానమ్మనో వెంటబెట్టుకుని బయల్దేరండి. వాళ్లు ఆగినచోటల్లా ఆగండి. గోదారి దిక్కు రాగలిగితే మాత్రం భోగికి ముందే రండి. సంక్రాంతి దాటిందంటే హరిదాసు మళ్లీ ఏడాదికి గానీ రాడు.