పులికాట్ ఒడ్డున రెండు సెన్సర్లు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలం పొద్దున్నే ఆ రోడ్డు మీద, అటకానితిప్ప పరిసరాల్లో, కెమెరాలు పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. ఫ్లెమింగోల కోసం వచ్చినవాళ్లు కొందరు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు వచ్చేవాళ్లు ఇంకొందరు. ఇద్దరి నోటా ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఫుల్ ఫ్రేమ్‌కి మారిపోదామా?’ దుకాణంలో అడిగితే దీనికి జవాబు ముందే తెలిసిపోతుంది. ఈ ఒడ్డున అడిగితే అంత తేలిగ్గా తేలదు. ఇక్కడ ఒకవైపు దూరాన నిలబడ్డ పక్షి, మరోవైపు ఆకాశాన్నంతా చీల్చే నిప్పుగీత. రెండూ రెండు రకాల కెమెరాలను అడుగుతాయి.

క్రాప్ సెన్సర్ సంగతి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మనలో చాలామందికి మొదటి కెమెరా అదే, మొదటి లెన్స్ 18-55 కిట్ లెన్సే. దాని సెన్సర్ కొలత సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు కాగా (కానన్‌లో ఇంకాస్త చిన్నది), ఫుల్ ఫ్రేమ్ కొలత 36 × 24. వైశాల్యంలో రెండో దానిది రెండింతలకు పైమాటే. మొత్తం వాదమంతా ఈ రెండింతల చుట్టూనే తిరుగుతుంది.

పెద్దన్న హోదాలో కూర్చున్న ఈ 36 × 24 ఒకప్పుడు చిన్నతమ్ముడే. ఆస్కర్ బార్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, సినిమా ఫ్రేమును రెట్టింపు చేసి వాడుకున్నాడు. 1925లో లైకా బజారుకొచ్చినప్పుడు పెద్ద ప్లేట్ల వాళ్లకు అదొక బొమ్మ కెమెరా. మన ఊళ్ల స్టూడియోల్లో కూడా 120 రోల్ ఫిల్ము వాడే పెద్దలు 35 ఎం.ఎం.ను చాలాకాలం చిన్నచూపే చూశారు. అలాగే డిజిటల్ వచ్చిన కొత్తలో చిన్న సెన్సరే రాజ్యమేలింది. 1999లో నికాన్ డీ1 చిన్న సెన్సర్‌తోనే పత్రికా ఛాయాగ్రాహకుల చేతుల్లోకి వెళ్లింది. 2002లో కానన్ 1డీఎస్, 2005లో 5డీ వచ్చాకే ఫుల్ ఫ్రేమ్ మీద ఆశ మొదలైంది. కాబట్టి ఇది జాతులు వేరైన రెండింటి పోటీ కాదు. ఒకే ఇంటివాళ్ల మధ్య వాటాల తగువు.

పక్షి దగ్గరికి వద్దాం. ఫ్లెమింగో నిటారుగా నిలబడితే సుమారు 1.3 మీటర్లు. రోడ్డు నుంచి 150 మీటర్ల దూరంలో మేస్తోందనుకోండి. 400 ఎం.ఎం. లెన్స్ దాని బొమ్మను సెన్సర్ మీద సుమారు మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున గీస్తుంది. సెన్సర్ చిన్నదైనా పెద్దదైనా ఆ మూడున్నర మారదు. గీసేది లెన్సు, సెన్సర్ చేసేది అంచులు కత్తిరించడమే. అయితే 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీలో ఆ మూడున్నర మిల్లీమీటర్లలో దాదాపు 880 పిక్సెళ్లు పడతాయి. అదే 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో 580 దగ్గర ఆగిపోతాయి. ముక్కు చివరి నలుపు, కంటి పసుపు, రెక్క కింద దాగిన గులాబీ రంగు, ఇవన్నీ ఆ మూడొందల పిక్సెళ్ల తేడాలోనే ఉన్నాయి. లక్షలు పోసి మారినవాడు ఇంటికొచ్చి కంప్యూటర్లో ఫొటో పెద్దది చేసి చూసుకున్నాక మొహం వేలాడేసేది ఇందుకే.

దీనికి ఫుల్ ఫ్రేమ్ వైపు నుంచి గట్టి సమాధానమే ఉంది: ‘45 మెగాపిక్సెల్ బాడీ కొనండి.’ నిజమే, నికాన్ డీ850ను క్రాప్ మోడ్‌లో పెడితే 19 మెగాపిక్సెళ్ల పైచిలుకు చేతికొస్తుంది. అదే కంపెనీ పక్షుల వాళ్ల కోసమే అన్నట్టు 2016లో తెచ్చిన క్రాప్ బాడీ డీ500లో ఉన్నది 20.9. అంటే పెద్దన్న తనలోనే తమ్ముణ్ని కూడా మోస్తున్నాడు. కాకపోతే ఆ మోతకు ధర కట్టాలి.

ఇక వెలుతురు తగ్గిన వేళ. సూళ్లూరుపేట, నాయుడుపేట మధ్య హైవేకి దగ్గర్లోనే ఉన్న నేలపట్టులో, చెరువులో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. సాయంత్రం పులికాట్‌లో మేత ముగించుకుని పిల్లల కోసం తిరిగొస్తాయి. సూర్యుడు వాలిపోయాడు, రెక్కల కదలిక ఆగాలంటే షట్టర్ 1/2000 దగ్గరుండాలి, ఐఎస్ఓ 6400 దాటేసింది. క్రాప్ సెన్సర్‌లో గూడబాతు మెడ కింది బూడిదరంగు ఈకలు మచ్చలు మచ్చలుగా ముద్దకట్టేది ఇక్కడే. ఫుల్ ఫ్రేమ్ ఒక స్టాప్‌కు కొంచెం ఎక్కువే ఆదా చేస్తుంది. ఎడిటింగ్‌లో నీడలు ఎత్తినప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు, కొన్నవాళ్లు ఒప్పుకోరు. పక్షి ఫ్రేమునంతా నింపినప్పుడే ఆ ఆదా. దూరాన ఉన్న ఫ్లెమింగోను ఫుల్ ఫ్రేమ్‌లో తీసి, నాలుగువైపులా కత్తిరించి క్రాప్ సైజుకు తెచ్చారా, మిగిలిన ముక్క మీద పడ్డ వెలుతురు రెండింట్లోనూ అంతే, నాయిసూ ఇంచుమించు అంతే. విస్తరి పెద్దది వేసుకున్నంత మాత్రాన వడ్డన పెరగదు. వాచ్‌టవర్ పక్కనుంచే ఎగిరిపోయే గూడబాతుకు ఫుల్ ఫ్రేమ్ వరమైతే, సరస్సు నడిమధ్య గుంపుకు అది అలంకారం మాత్రమే.

రాకెట్ల విషయంలో లెక్క ఇంకోలా ఉంటుంది. పీఎస్ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. సూళ్లూరుపేట వైపు నుంచి ప్రయోగవేదిక ఇరవై కిలోమీటర్ల పైనే. అదే 400 లెన్సుతో అంత పెద్ద రాకెట్టూ సెన్సర్ మీద ఒక మిల్లీమీటరైనా ఉండదు! 2023 జూలై 14న చంద్రయాన్-3 మధ్యాహ్నం 2.35కు లేచింది. అలాంటి పట్టపగటి ప్రయోగాల్లో వెలుతురుకు కొదవ లేదు, కానీ ఉప్పునీటి మీద ఎండకు లేచే ఆవిరి తెర గీతలన్నింటినీ వణికిస్తుంది. దానికి ఏ సెన్సరూ మందు కాదు. ఆ పూట ఇద్దరు అన్నదమ్ములూ సమానంగా ఓడిపోతారు.

రాత్రి ప్రయోగమైతేనే మజా. 2022 అక్టోబర్ 23న అర్ధరాత్రి దాటాక వన్‌వెబ్ ఉపగ్రహాలతో ఎల్‌వీఎం3, 2024 డిసెంబర్ 30న రాత్రి 10 గంటలకు స్పేడెక్స్‌తో పీఎస్ఎల్‌వీ-సీ60 ఎగిరాయి. ఇలాంటి రాత్రుల్లో ట్రైపాడ్ మీద వైడ్ లెన్స్, ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/11 దగ్గర, షట్టర్ రెండు మూడు నిమిషాలు తెరిచే ఉంచడం. నేల నుంచి సముద్రం మీదికి వంగే వెలుగు విల్లు ఒకే ఫొటోలో వచ్చేస్తుంది. ఆ విల్లు కోసం ఫుల్ ఫ్రేమే అక్కర్లేదు. 18 ఎం.ఎం. కిట్ లెన్స్ క్రాప్ బాడీ మీద 27, 28 ఎం.ఎం. లెన్సంత చూపు చూస్తుంది, విల్లుకు అది సరిపోతుంది. పెద్ద సెన్సర్ గెలిచేది విల్లు కింద. మంట తెల్లగా మాడిపోకుండా కాపాడుతూనే సరస్సులో దాని నీడ, ఒడ్డున కట్టేసిన పడవ, గట్టు మీది మనుషులు చీకట్లోంచి తేలాలంటే ఫుల్ ఫ్రేమ్‌లో ఉన్న వెసులుబాటు వేరు. గోడకు పెద్ద ప్రింటు వేసుకునేవాడికి ఆ తేడా కనిపిస్తుంది. ఫోన్‌లో స్టేటస్ పెట్టుకునేవాడికి కనిపించదు.

బాడీ ధర గురించే అందరూ మాట్లాడతారు కానీ సంసారం నడిపేది లెన్సులు. క్రాప్ కోసం కొన్న లెన్సులు ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలించినా, సాధారణంగా ఫొటో మధ్యభాగం వరకే పనికొస్తుంది. 24 మెగాపిక్సెల్ కాస్తా పది పదకొండుకు పడిపోతుంది. అంటే మారడమంటే లెన్సుల సంచి కూడా మార్చడమే. పైగా క్రాప్ మీద 400 ఎం.ఎం. ఇచ్చే చూపు ఫుల్ ఫ్రేమ్‌లో కావాలంటే 600 మోయాలి. నేలపట్టు గట్టు మీద గంటసేపు దాన్ని మోసినవాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మరో మాట: ఈ తీరంలో ఉప్పుగాలికి, తేమకు లెన్సుల్లో పట్టే ఫంగస్ ఏ సెన్సర్నీ వదలదు. కెమెరా ఏదైనా ముందు గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ కొనుక్కోవడం మేలు.

అంతా చూశాక నా తీర్పు ఇది. పక్షుల వాడు క్రాప్ బాడీని వదలనవసరం లేదు, ఆ డబ్బు పొడవాటి లెన్సు మీద పెట్టాలి. రాత్రి ఆకాశం, సంధ్యవేళ, పెద్ద ప్రింట్లు, ఇంట్లో దీపాల వెలుగులో మనుషుల మొహాలు, వీటి మీద మనసున్నవాడు నిశ్చింతగా మారొచ్చు. రెండూ కావాలనుకునేవాడికి 45 మెగాపిక్సెళ్ల దారి ఉంది, ఇంట్లో ఒప్పించగలిగితే. కొనేముందు గత ఏడాది మీరు తీసిన వాటిలో మీకు నచ్చిన ఫొటోలు తెరిచి, ప్రతిదాని వెనక నమోదై ఉండే ఫోకల్ లెంగ్త్, ఐఎస్ఓ చూసుకోండి. ఎక్కువ భాగం లెన్స్ చివరి కొసలో, తక్కువ ఐఎస్ఓలో ఉంటే ఉన్న కెమెరాతోనే ఉండండి. వైడ్‌లో, 3200 పైన ఉంటే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఒక ఫుల్ ఫ్రేమ్ అద్దెకు తీసుకుని శని, ఆదివారాలు నేలపట్టులో గడిపి, అప్పుడు నిర్ణయించుకోండి.