అమ్మే ముందు నేల చూడండి

2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుఫాను, అంతకు నాలుగు రోజుల ముందే అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ మీదుగా దాటింది. ద్వీపాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామందివి శ్రీకాకుళం, విశాఖ వైపు ఊళ్ళే. ఇక్కడ ఇల్లు, అక్కడ అయినవాళ్ళు: ఒకే తుఫాను రెండుచోట్లా గుండెలదరగొట్టింది.

రేకులు ఎగిరిపోయి, వాసాలు విరిగిన ఇంటి ముందు నిలబడ్డవాళ్ళకు మొదట తోచేది ‘వచ్చినకాడికి అమ్మేద్దాం’ అనే. ఆ మాట అనిపించడంలో తప్పేమీ లేదు. ద్వీపాల్లో సిమెంటు, ఇనుము ఓడలో రావాలి. మరమ్మతు ఖర్చు తలకు మించిపోతుంది. కానీ తుఫాను వెళ్ళిన వెంటనే వచ్చే బేరగాడు ఇంటి విలువ కట్టడు, అమ్మేవాళ్ళ అవసరం చూసి ధర చెబుతాడు. గోడలు నిలబడి, నేల గట్టిగా ఉంటే అప్పు చేసైనా కప్పు వేసుకోవడమే మేలు.

నేలే మారిపోతే సంగతి వేరు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ సుమారు మీటరు కుంగింది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) పక్కనున్న సిప్పీఘాట్‌లో వరి పండిన పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి, అక్కడే నిలిచిపోయింది. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, లైట్‌హౌస్ మొదలు నీళ్ళలో పడింది. అలాంటిచోట ఏ తాపీమేస్త్రీ చేయగలిగిందీ లేదు.

పైగా 1966 భూమి రెవెన్యూ రెగ్యులేషన్ ప్రకారం ఈ ద్వీపాల్లో భూమి కేంద్ర ప్రభుత్వానిది. మనుషుల చేతిలో ఉండేది దాని మీద హక్కు. కూలిన ఇంటికి వచ్చే ధరంతా ఆ హక్కుదే. కాబట్టి ముందు కాగితాలు సరిచూసుకోవాలి.

నికోబారీలకు అసలు అమ్మాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. కొబ్బరితోటలూ భూమీ తుహెత్ అనే ఉమ్మడి కుటుంబానివి. 1956 ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ బయటివాళ్ళు ఆ భూమి చేజిక్కించుకోకుండా కాపాడుతోంది. 2004 సునామీ తర్వాత వాళ్ళు అమ్ముకుని పోలేదు, తీరం వదిలి లోపలికి జరిగారు. ప్రభుత్వం ద్వీపాల్లో 9 వేలకు పైగా శాశ్వత గృహాలు మంజూరు చేసింది. స్తంభాల మీద గుండ్రటి గడ్డికప్పు ఇళ్ళలో ఉమ్మడిగా బతికినవాళ్ళకు, విడివిడి కుటుంబాల కొలతకు కట్టిన ఆ ఇళ్ళు ఇమడలేదు. కట్టేముందు వాళ్ళనే అడిగి ఉండాల్సింది.

అమ్మక తప్పనివాళ్ళు లోపం దాచకూడదు. మామూలు పరిశీలనకు దొరకని లోపం తెలిసి ఉంటే కొనేవాళ్ళకు చెప్పి తీరాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. పోటు నీరు పెరట్లోకి వస్తుందన్న సంగతి పాటు వేళ చూడవచ్చినవాళ్ళకు తెలియదు. అమ్మేవాళ్ళయినా కొనేవాళ్ళయినా అమావాస్య పోటుకు ఒకసారి అక్కడ నిలబడి చూడండి. బయానా మాట ఆ తర్వాతే.