అక్కరకొచ్చే కష్టం, అక్కర్లేని కష్టం

పరీక్షల రోజులు దగ్గరపడితే కోనసీమలోని ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడిలో లక్ష కలాలతో పూజ జరుగుతుంది. పూజలో పెట్టిన పెన్నులు పిల్లలకు పంచుతారు. రాతకీ ఈ దేవుడికీ చుట్టరికం పాతదే. భారతం రాయడానికి కూర్చుంటూ, తన గంటం ఆగకుండా చెప్పాలని వినాయకుడు షరతు పెట్టాడనీ, అర్థం చేసుకోకుండా ఒక్క ముక్క కూడా రాయకూడదని వ్యాసుడు ఎదురు షరతు పెట్టాడనీ కథ. కంప్యూటర్లో రాత పరికరాలు తయారుచేసేవాళ్ళు ఇప్పటికీ ఈ రెండు షరతుల మధ్యే నలుగుతున్నారు. చెయ్యి ఆగకూడదు, ఆగి దిద్దుకునే వీలూ ఉండాలి.

దిద్దుకోవడానికి పెద్దపీట వేసిన ఎడిటర్ ‘వీఐ’. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ దాన్ని రాశాడు. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన ‘విమ్’ దాని వారసురాలు. విమ్ తెరిచి గబగబా కొట్టబోతే అనుకున్న అక్షరాలు పడవు, ఎందుకంటే అది తెరుచుకునేదే దిద్దే స్థితిలో. రాయాలంటే ‘ఐ’ నొక్కాలి, రాయడం అయ్యాక ‘ఎస్కేప్’ నొక్కాలి. ఇందులోంచి బయటికి రావడం ఎలాగన్న ప్రశ్నను ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017 నాటికి పది లక్షలసార్లు చూశారు.

ఇంత తిప్పలు పడినవాళ్ళు దాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. దిద్దే స్థితిలో ప్రతి మీటా ఒక మాట. ‘డి’ అంటే తీసెయ్యి, ‘సి’ అంటే మార్చు, ‘డబ్ల్యు’ అంటే పదం. ‘డి’, ‘డబ్ల్యు’ వరసగా నొక్కితే ఒక పదం పోతుంది, మధ్యలో 3 చేరిస్తే మూడు పోతాయి. చుక్క మీట కొడితే ఇందాకటి దిద్దుబాటే ఇక్కడా జరుగుతుంది. పది క్రియలూ పది నామాలూ వస్తే వంద ఆజ్ఞలు వచ్చినట్టే. ఈ వ్యాకరణం నేర్వడంలోని కష్టం ఊరికే పోదు.

అయితే అదే ఎడిటర్లో ఇంకో రకం కష్టమూ ఉంది. కర్సర్ కదలడానికి ‘హెచ్, జె, కె, ఎల్’ మీటలు ఎందుకు? బిల్ జాయ్ వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్ మీద బాణాలు ఆ మీటలపైనే అచ్చయి ఉండేవి. ఎస్కేప్ కూడా ఇవాళ ట్యాబ్ ఉన్నచోటే, చిటికెనవేలికి అందేట్టుగా ఉండేది. ఆ టెర్మినల్ పోయింది, ఎస్కేప్ మూలకు వెళ్ళిపోయింది, అలవాటు మాత్రం మిగిలింది. అభిమానులు ఈ రెండు కష్టాలనూ కలిపి ‘శక్తికి చెల్లించే మూల్యం’ అంటారు. రెండోది పాత అద్దె బాకీ, అంతే.

తెలుగు రాసేవాళ్ళకు ఈ తేడా ఇంకా బాగా తెలియాలి. అమలాపురం లాంటి పట్టణాల్లో ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరినవాళ్ళు ‘ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్’తో మొదలుపెట్టి నెలల తరబడి వేళ్ళు సాధన చేసేవాళ్ళు. సులువుగా ఉండాలని ఎవరూ అడగలేదు. లోయరు, హయ్యరు పరీక్షలు పాసైతే ఉద్యోగానికి దారి ఉందని తెలుసు గనక. తర్వాత వచ్చిన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు కొట్టినవాళ్ళ నైపుణ్యమూ తక్కువది కాదు. ఒత్తులను కూడా విడి ముక్కలుగా తెచ్చి అతికించేవాళ్ళు. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు గజిబిజి గుర్తులు. వెతుకుదామన్నా దొరకదు. చేతికి వచ్చిన విద్య గొప్పది, దాని పంట మాత్రం ఒకే కొట్టుకు తాకట్టు పడింది.

సులువైన దారి 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. 2006లో వీవెన్ చేసిన లేఖిని దాన్ని బ్రౌజర్లోకి తెచ్చింది. మొదటి రోజే ఉత్తరం రాయొచ్చు. ఇటు ప్రభుత్వం 1986లో తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు. కొన్నాళ్ళు కూర్చుని నేర్చుకోక తప్పదు. లెక్కకొస్తే ‘కమల’కు ఇన్‌స్క్రిప్ట్‌లో మూడు మీటలు, ఆర్‌టీఎస్‌లో ఆరు. ‘ఐనవిల్లి’కి ఎనిమిదీ తొమ్మిదీ. ‘స్త్రీ’కి మాత్రం ఆరూ అయిదూ, అంటే ఇక్కడ ఆర్‌టీఎస్‌దే పైచెయ్యి. కాబట్టి వేగం గురించి గొప్పలు చెప్పడం అనవసరం. ఇన్‌స్క్రిప్ట్ ఇచ్చేది వేరే: మాట తెలుగులో తట్టి, ఇంగ్లీషు స్పెల్లింగు మీదుగా వెళ్ళకుండా తెలుగులోనే వేళ్ళకు చేరుతుంది.

విమ్‌లో తెలుగు రాస్తే మరో చిక్కు. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘డి’ మీట పొల్లు. సిస్టమ్‌లో తెలుగు కీబోర్డు పెట్టి ‘తీసెయ్యి’ అనబోతే ఎడిటర్‌కు పొల్లు అందుతుంది, ఆజ్ఞ అందదు. దీనికి మందు, తెలుగు మీటల పటాన్ని విమ్ లోపలే పెట్టుకోవడం. అప్పుడు రాసేటప్పుడు తెలుగు, దిద్దేటప్పుడు ఇంగ్లీషు వాటంతటవే మారతాయి. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్లో తెలుగు రాసే పద్ధతులు దాంతోపాటే వస్తాయి. కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ నొక్కితే చాలు, భాష మారుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మెట్లు వేయడంలో ఎడిటర్ల మధ్య తేడా కనిపిస్తుంది. 1999లో వచ్చిన నానో తన ముఖ్యమైన మీటలను తెర అడుగునే రాసిపెడుతుంది. ఎవరూ చిక్కుకోరు, ఎవరూ పెద్దగా ఎదగరు. విమ్ అరగంట పాఠం ఒకటి చేతికిచ్చి వదిలేస్తుంది. ఈమాక్స్‌లో ఏ మీటనైనా ‘నువ్వేం చేస్తావు?’ అని అడగొచ్చు. 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ మరీ తెలివైంది: పేరు కొట్టి ఆజ్ఞను వెతికితే, పక్కనే దాని షార్ట్‌కట్ చూపిస్తుంది. పది సార్లు వెతికినవాడికి పదకొండోసారి వేలు దానంతటదే వెళ్తుంది.

ఇప్పుడు ఫోనుకు చెప్పి రాయిస్తున్నారు గనక వినాయకుడి షరతు తీరిపోయినట్టే. దిద్దుబాటే మిగిలింది. వంద పేజీల స్థలచరిత్రలో ‘అమలాపురం’ అన్నచోటల్లా ఊరి పేరు సరిచూడాలనుకోండి. ‘అమలాపురం’ అని వెతికితే ‘అమలాపురంలో’ దొరుకుతుంది, ‘అమలాపురానికి’ తప్పించుకుంటుంది. ఈమాక్స్‌లో ‘అమలాపుర’ దగ్గర ఆపి వెతికితే రెండూ చిక్కుతాయి. మార్చాలంటే ఆల్ట్‌తో శాతం గుర్తు నొక్కి పాత ముక్క, కొత్త ముక్క ఇవ్వాలి. ప్రతి చోటా ఆగి, మార్చమంటారా అని అడుగుతుంది. ‘వై’ కొడితే మారుస్తుంది, ‘ఎన్’ కొడితే వదిలేసి తర్వాతి చోటికి పోతుంది.